భూగర్భ మెట్రో స్టేషన్ పెట్టె కట్టడం: గైడ్ వాల్ నుంచి ఆఖరి పంపు దాకా

ఆరు బోగీల రైలు ఆగాలంటే ప్లాట్‌ఫారం సుమారు 140 మీటర్లు ఉండాలి. దాని రెండు కొసల్లో వెంటిలేషన్ ఫ్యాన్లు, సబ్‌స్టేషన్, సిగ్నలింగ్ గదులు, పంపు గదులు కలుపుకుంటే స్టేషన్ మొత్తం 200 నుంచి 250 మీటర్ల పొడవు, 20–25 మీటర్ల వెడల్పు, 16–20 మీటర్ల లోతు ఉన్న కాంక్రీటు పెట్టె అవుతుంది. చుట్టూ భవనాలు, నెత్తిన ట్రాఫిక్, పక్కన భూగర్భజలం. ఇలాంటి చోట మట్టి తీయడం పెద్ద పని కాదు, ఎక్స్‌కవేటర్లు, టిప్పర్లు చూసుకుంటాయి. బయటి నీళ్లు ఇసుకను వెంటబెట్టుకుని గుంతలోకి రాకుండా చూడటమే అసలు పని. కింద చెప్పే ప్రతి దశనీ ఈ ఒక్క కోణంలోంచే చూడండి: ఇక్కడ తప్పు జరిగితే నీళ్లు ఎటు నుంచి వస్తాయి?

ఇక్కడ వివరించేది డయాఫ్రం వాల్ (లోతైన సన్నటి కందకం తవ్వి అందులోనే పోసే కాంక్రీటు గోడ) వేసి, పై స్లాబు నుంచి కిందికి కట్టుకుంటూ పోయే టాప్-డౌన్ పద్ధతి. 1964లో రైళ్లు నడవడం మొదలైన మిలాన్ మెట్రో తొలి లైను నిర్మాణంతో పేరొచ్చినందువల్ల దీన్ని మిలాన్ పద్ధతి అని కూడా అంటారు. రోడ్డును త్వరగా తిరిగి ఇచ్చేయవచ్చు, శాశ్వత స్లాబులే గోడలకు ఊతంగా నిలుస్తాయి కాబట్టి ఇరుగుపొరుగు భవనాలు తక్కువ కుంగుతాయి. ఖాళీ స్థలం దండిగా ఉన్నచోట అడుగు నుంచి పైకి కట్టే బాటమ్-అప్ పద్ధతే సుళువు. గోడ వరకు మాత్రం రెండింటికీ పని ఒకటే.

పని మొదలుపెట్టే ముందు

పెట్టె పొడవునా ప్రతి 25–30 మీటర్లకు ఒక బోరు వేయించండి. అన్నీ ఒకే గీత మీద కాకుండా ఒకటి ఎడమ గోడ వైపు, ఇంకొకటి కుడి గోడ వైపు పడాలి. లోతు గోడ అడుగుకు ఇంకా 5 మీటర్లు కిందికి పోవాలి, ఎందుకంటే గుంతను ముంచే నీళ్లు చాలాసార్లు ఆ కింది పొరలోనే ఉంటాయి. పై ఇసుకలో ఒక నీటిమట్టం, మధ్యలో బంకమట్టి, దాని కింద ఒత్తిడితో ఉన్న మరో ఇసుక పొర, ఇలాంటి నేలలో ఒక్క పీజోమీటర్ (నేలలో నీటి ఒత్తిడి కొలిచే సాధనం) వేసి ‘నీళ్లు ఇన్ని మీటర్లలో ఉన్నాయి’ అని రాసేస్తే ఆ రిపోర్టు పనికిరాదు. ఏ పొరకా పొరకు విడిగా పీజోమీటర్ ఉండాలి.

భూమిలోని పైపులు, కేబుళ్ల సంగతి డ్రాయింగులు చెప్పినంత నమ్మకంగా ఉండదు. గోడ గీత పడే చోట 1.5–2 మీటర్ల లోతు వరకు పారలతో, చేతి పనిముట్లతోనే ట్రయల్ పిట్లు తీయించండి. ముఖ్యంగా మంచినీటి పైపు ఎక్కడుందో కచ్చితంగా తెలియాలి. గోడ పక్కన అది పగిలితే గోడ కోసం తవ్వుతుండగానే ట్రెంచ్ (కందకం) కూలుతుంది. పక్క భవనాల్లో ఉన్న పగుళ్లన్నిటికీ కొలతలతో ఫొటోలు తీసి పెట్టుకోవాలి. సెటిల్‌మెంట్ పాయింట్లు (కుంగుదల కొలిచే గుర్తులు) పెట్టి, తవ్వకం మొదలవకముందే కొన్ని వారాల రీడింగులు తీసుకోవాలి. ఎండకీ వానకీ మామూలుగా వచ్చే తేడా ఎంతో తెలియకపోతే రేపు వచ్చిన 3 మిల్లీమీటర్లు మన తవ్వకం వల్ల వచ్చిందో కాదో చెప్పలేం.

గైడ్ వాల్, స్లర్రీ

గైడ్ వాల్ అంటే ట్రెంచ్ నోటికి రెండు వైపులా వేసే చిన్న ఆర్‌సీసీ గోడలు. లోతు 1 నుంచి 1.5 మీటర్లు, మందం 200–300 మిల్లీమీటర్లు. రెండింటి మధ్య ఖాళీ అసలు గోడ మందం కంటే 25–50 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచాలి. దీన్ని తాత్కాలికం కదా అని చౌకగా తీసిపారేస్తారు. మట్టిని దవడలతో తవ్వి తీసే గ్రాబ్ నిటారుగా దిగాలన్నా, కేజ్ (కడ్డీల చట్రం) వేలాడాలన్నా, ప్యానెల్ చివర దించే స్టాప్-ఎండ్ కదలకుండా ఉండాలన్నా ఆధారం ఇదే. ఫారం తీసిన వెంటనే లోపల అడ్డంగా కలప ముక్కలు బిగించండి, లేకపోతే పక్క నుంచి క్రేన్ పోగానే రెండూ దగ్గరికి వస్తాయి. పాత రోడ్డు మట్టో, వదులు పూడికో తగిలితే గైడ్ వాల్ దాన్ని దాటి గట్టి నేలలో నిలిచేదాకా దించాలి.

ట్రెంచ్‌ను నిలబెట్టేది బెంటొనైట్ స్లర్రీ, అంటే బెంటొనైట్ అనే బంకమట్టి కలిపిన నీళ్లు. ఘనపు మీటరు నీళ్లకు 30 నుంచి 60 కిలోల బెంటొనైట్ కలుపుతారు. మామూలు మిక్సర్‌తో కలిపితే వాడేముందు 12 నుంచి 24 గంటలు నాననివ్వాలి. నానని బెంటొనైట్ చూడటానికి చిక్కగానే కనిపిస్తుంది, కానీ ట్రెంచ్ పక్కలకు పలచటి పొరలా అంటుకునే గుణం దానికింకా రాదు. తాజా స్లర్రీకి సాంద్రత 1.10 లోపు, మార్ష్ కోన్ (చిక్కదనం కొలిచే గరాటు)లో 946 మిల్లీలీటర్లు కారడానికి 32–50 సెకన్లు, పీహెచ్ 7–11 మధ్య ఉండాలి. అదే కోన్‌లో మామూలు నీళ్లు 26 సెకన్లలో కారిపోతాయి. పరికరం సరిగా ఉందో లేదో రోజూ పొద్దున్నే నీళ్లతో చూసుకోవచ్చు.

స్లర్రీ నీళ్లకన్నా కొంచెమే బరువు. అందువల్ల గోడను నిలబెట్టే బలంలో ఎక్కువ భాగం దాని మట్టం నుంచే వస్తుంది. ట్రెంచ్‌లో స్లర్రీ భూగర్భజలం కంటే 1.5 మీటర్లు ఎత్తున ఉంది, సాంద్రత 1.04 అనుకుందాం. నీటిమట్టానికి 20 మీటర్ల కింద స్లర్రీ ఒత్తిడి చదరపు మీటరుకు 21.5 ఇంటూ 1.04, అంటే 22.36 టన్నులు. నీటి ఒత్తిడి 20 టన్నులు. మిగిలిన 2.36 టన్నులే ఇసుకను ఆపుతున్నాయి. స్లర్రీ మట్టం ఆ 1.5 మీటర్లు పడిపోతే మిగిలేది 0.8 టన్నులు, అంటే మూడో వంతు. అందుకే ‘భూగర్భజలం కంటే కనీసం 1.5 మీటర్లు పైన’ అనే నియమాన్ని రాత్రి షిఫ్టులో కూడా సడలించకూడదు. నీటిమట్టం నేలకు మరీ దగ్గరగా ఉంటే గైడ్ వాల్‌నే నేలకంటే ఎత్తుగా కట్టాలి.

స్లర్రీ ఒక్కసారిగా దిగిపోతుంటే పాత డ్రైనో, గులకరాళ్ల పొరో తగిలిందని అర్థం. గ్రాబ్ బయటికి తీసి, నిల్వ ట్యాంకు నుంచి స్లర్రీ నింపుతూ, అది చాలకపోతే బలహీనమైన కాంక్రీటుతో గానీ ఇసుకతో గానీ ట్రెంచ్‌ను వెంటనే పూడ్చేయాలి. తిరిగి తవ్వుకోవచ్చు, కానీ కూలిన ట్రెంచ్ పక్కన ఉన్న భవనాన్ని తిరిగి నిలబెట్టలేం. నిల్వలో ఒక పెద్ద ప్యానెల్‌కు సరిపడా స్లర్రీ ఎప్పుడూ ఉండాలి.

ప్యానెల్ తవ్వడం

గోడను ఒకేసారి వేయరు. 2.5 నుంచి 7 మీటర్ల ముక్కలుగా, అంటే ప్యానెళ్లుగా వేస్తారు. స్టేషన్లకు మందం మామూలుగా 800 నుంచి 1200 మిల్లీమీటర్లు. గ్రాబ్ నోరు సుమారు 2.5 మీటర్లు ఉంటుంది. 6 మీటర్ల ప్యానెల్ అయితే ముందు రెండు చివర్లలో 2.5 మీటర్ల చొప్పున దించి, మధ్యలో మిగిలిన మీటరు ముక్కను చివర తీయాలి. ఈ వరుసకు కారణం ఉంది. గ్రాబ్ రెండు దవడలకూ ఒకే రకమైన పట్టు దొరకాలి, అయితే రెండూ మట్టిలో ఉండాలి, లేదా రెండూ ఖాళీలో ఉండాలి. ఒకటి మట్టిలో, ఒకటి ఖాళీలో ఉంటే గ్రాబ్ ఖాళీ వైపు వాలిపోతుంది, ప్యానెల్ వంకర పోతుంది. రాయి తగిలితే గ్రాబ్‌తో గంటలకొద్దీ కొట్టకుండా తిరిగే పళ్లచక్రాలతో రాతిని కోసే ట్రెంచ్ కట్టర్ తెప్పించుకోండి.

నిటారుతనం 200కి 1 లోపు ఉండేలా చూడాలి. 30 మీటర్ల లోతులో అది 150 మిల్లీమీటర్లు. పక్కపక్క ప్యానెళ్లు రెండూ ఎదురెదురు దిశల్లో అంతంత తప్పితే అడుగున వాటి మధ్య 300 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. 800 మిల్లీమీటర్ల గోడకు అక్కడ నిజంగా మిగిలిన మందం 500. తవ్వకం పూర్తికాగానే కోడెన్ అల్ట్రాసోనిక్ యంత్రంతో కనీసం మూడు చోట్ల కొలిచి, పక్క ప్యానెల్ చార్టు పక్కన పెట్టి రెండూ కలిపి చూడండి. ఒక్కో చార్టును విడిగా పాస్ చేయడం వల్లే ఈ లోపం కంటపడకుండా పోతుంది.

జాయింటు దగ్గరే ప్రాణం

డయాఫ్రం వాల్ మధ్యలోంచి కారడం అరుదు. కారేది రెండు ప్యానెళ్లు కలిసే జాయింటు దగ్గర. మొదటి ప్యానెల్ కాంక్రీటుకు ముందు దాని చివర స్టాప్-ఎండ్ అనే ఉక్కు ఫారం దించుతారు. దానిలో రబ్బరు వాటర్‌స్టాప్ సగం ఇటు, సగం అటు ఉండేలా బిగిస్తారు. పక్క ప్యానెల్ తవ్వాక స్టాప్-ఎండ్‌ను పక్కకు లాగి విడదీస్తే రబ్బరు బయటికి కనిపిస్తుంది, కొత్త కాంక్రీటు దాన్ని పట్టుకుంటుంది. పాత తరహా గుండ్రటి పైపు స్టాప్-ఎండ్ అయితే కాంక్రీటు గట్టిపడే సమయాన్ని కనిపెట్టి లాగాలి. ముందే లాగితే కాంక్రీటు జారుతుంది, ఆలస్యమైతే పైపు భూమిలోనే ఉండిపోతుంది. ఆ పూట పోసిన కాంక్రీటులోంచి కొంత బకెట్లో పక్కన పెట్టుకుని అది బిగుసుకోవడం చూస్తూ జాక్‌తో కొంచెం కొంచెంగా కదిలించడం మంచి అలవాటు.

రెండో ప్యానెల్ తవ్వేటప్పుడు మొదటి ప్యానెల్ కాంక్రీటు ముఖం మీద బెంటొనైట్ కలిసిన బురద మందంగా పేరుకుంటుంది. దాన్ని గీకకుండా కాంక్రీటు పోస్తే జాయింటులో పైనుంచి కిందిదాకా బంకమట్టి పట్టీ ఒకటి మిగిలిపోతుంది. గోడ బయట నీటి ఒత్తిడి ఉన్నంతకాలం అది కొట్టుకుపోవడానికి సిద్ధంగా ఉంటుంది. గ్రాబ్‌కో, బరువైన చిసెల్‌కో స్టీలు బ్రష్ బిగించి, ప్యానెల్ పూర్తి లోతుకు దించి ఎత్తుతూ, బ్రష్ శుభ్రంగా పైకి వచ్చేదాకా చేయాలి. ఎన్నిసార్లు చేయాలని లెక్క పెట్టుకోవద్దు, బ్రష్‌కు అంటిన మట్టి చూసి ఆపండి.

2009 మార్చి 3న జర్మనీలోని కొలోన్‌లో నగర చారిత్రక పత్రాల భవనం కూలింది, పక్క ఇళ్లలో ఇద్దరు చనిపోయారు. పక్కనే మెట్రో లైను కోసం తవ్విన లోతైన గుంత ఉంది. డయాఫ్రం వాల్ తవ్వేటప్పుడు తగిలిన రాతిని పూర్తిగా తీయకపోవడంతో ప్యానెళ్ల మధ్య లోపం మిగిలిందనీ, దాని గుండా నీళ్లు, ఇసుక గుంతలోకి వచ్చి భవనం పునాది కింద నేల ఖాళీ అయిందనీ విచారణల్లో తేలింది. రాయి అడ్డం వచ్చిన ప్రతి ప్యానెల్‌నూ రికార్డులో ఎర్ర సిరాతో రాసి, గుంత తవ్వే బృందానికి ఆ లోతు ఎంతో ముందే చెప్పాలి. గోడ వేసేవాళ్లు ఒకరు, తవ్వేవాళ్లు ఇంకొకరు అయినప్పుడు ఈ సమాచారం మధ్యలో పోతుంది. అనుమానమున్న జాయింటు వెనక తవ్వకానికి ముందే గ్రౌటింగ్ (నేలలోకి సిమెంటు ద్రావణం ఎక్కించడం) చేయించడం, తవ్వాక కారుతున్న జాయింటుతో కుస్తీ పట్టడం కంటే ఎన్నో రెట్లు తేలిక.

కేజ్

30 మీటర్ల కేజ్‌ను రెండు క్రేన్లతో పడుకోబెట్టిన చోటి నుంచి లేపి, గాల్లో నిలబెట్టి దించుతారు. లేపేటప్పుడు వంగకుండా అడ్డ కడ్డీలు, ఎత్తే కొక్కేల దగ్గర అదనపు వెల్డింగ్ డ్రాయింగులో విడిగా చూపించి ఉండాలి. కవర్ (కడ్డీల మీద ఉండే కాంక్రీటు పొర) 75 మిల్లీమీటర్లు, రెండు వైపులా కవర్ బ్లాకులు. కాంక్రీటును అడుగుదాకా చేర్చే ట్రెమీ పైపు దిగే దారిలో కడ్డీలేవీ అడ్డురాకూడదు. టన్నెల్ బోరింగ్ మెషిన్ గోడను చీల్చుకుపోయే చోట ఉక్కు బదులు గ్లాస్ ఫైబర్ కడ్డీలు వాడాలి, మెషిన్ పళ్లు ఉక్కును కోయలేవు. దీన్నే సాఫ్ట్ ఐ అంటారు. గ్లాస్ ఫైబర్ భాగానికి, ఉక్కు భాగానికి అతుకు క్లాంపులతో ఉంటుంది, కేజ్ లేపేటప్పుడు తెగేది అక్కడే.

ఇక కప్లర్లు, అంటే రెండు కడ్డీలను మరలతో కలిపే గొట్టాలు. స్లాబు కడ్డీలు గోడలోకి కలవాల్సిన ఎత్తుల్లో కప్లర్లు అమర్చి, వాటిమీద థర్మోకోల్ షీటు కట్టి దించుతారు. గుంత తవ్వుతూ ఆ ఎత్తుకు వచ్చాక షీటు పీకి కడ్డీలు మరలు తిప్పుతారు. కేజ్ గైడ్ వాల్ మీద 100 మిల్లీమీటర్లు కిందికి వేలాడితే కప్లర్లన్నీ అంతే కిందికి పోతాయి, అప్పుడు గోడను చిప్పింగ్ చేసి, రంధ్రాలు వేసి, రసాయనంతో కడ్డీలు అతికించాల్సి వస్తుంది. వేలాడదీసే కడ్డీల పొడవును గైడ్ వాల్ పైమట్టం లెవెల్ తీసి ప్రతి ప్యానెల్‌కూ విడిగా లెక్కగట్టండి. గైడ్ వాల్ అంతా ఒకే మట్టంలో ఉందని అనుకోవద్దు. ఈ కప్లర్ల విలువ పంపులు ఆపే రోజున తెలుస్తుంది, ఆ లెక్క చివర్లో ఉంది.

కాంక్రీటు పోయడం

పోసేముందు అడుగు శుభ్రం చేయాలి. ఎయిర్ లిఫ్ట్‌తోనో, పంపుతోనో కింది స్లర్రీని లాగి, ఇసుకను వేరుచేసే డీసాండర్ గుండా పంపి, శుభ్రమైనది పైనుంచి వదలాలి. అడుగు నుంచి తీసిన నమూనాలో ఇసుక 4 శాతం లోపు, సాంద్రత 1.15 లోపు వచ్చేదాకా పోత మొదలుపెట్టకూడదు. ఇసుక ఎక్కువున్న స్లర్రీని కాంక్రీటు పైకి నెట్టలేదు, మడతల్లో కలిపేసుకుంటుంది.

6 మీటర్ల పొడవు, 1 మీటరు మందం, 30 మీటర్ల లోతు ప్యానెల్‌కు లెక్క ప్రకారం 180 ఘనపు మీటర్లు. ట్రెంచ్ పక్కలు కొంత ఎక్కువ తవ్వబడతాయి కాబట్టి 195–200కు ఆర్డరు పెట్టాలి, 6 ఘనపు మీటర్ల ట్రాన్సిట్ మిక్సర్లు 33 దాకా వస్తాయి. కాంక్రీటు గంటకు కనీసం 3 మీటర్లు పైకి లేవాలి, అంటే గంటకు 18 ఘనపు మీటర్లు, మూడు బండ్లు. ఆ వేగంతో 33 బండ్లకు పదకొండు గంటలు పడుతుంది, అది మరీ నెమ్మది. గంటకు ఆరు బండ్లు వచ్చేలా ఏర్పాటు చేసుకుంటే ఐదున్నర గంటల్లో అయిపోతుంది. ప్లాంటు నుంచి వచ్చే దారిలో ట్రాఫిక్ ఆంక్షల వేళలు, ప్లాంటు చెడిపోతే రెండో ప్లాంటు, ఈ రెండూ తేలకుండా పోత మొదలుపెట్టవద్దు. స్లంప్ (కాంక్రీటు పలచదనం కొలత) 200 మిల్లీమీటర్ల దగ్గర, అది పోత పూర్తయ్యేదాకా నిలిచేలా గట్టిపడటాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ ఉండాలి.

ట్రెమీ పైపు వ్యాసం సుమారు 250 మిల్లీమీటర్లు. ఈ పొడవుకు రెండు ట్రెమీలు, ఒక్కోటి చివర నుంచి మీటరున్నర దూరంలో. రెండింటిలోనూ ఒకేసారి మొదలుపెట్టి, రెండు వైపులా కాంక్రీటు ఒకే ఎత్తున లేచేలా చూడాలి. పైపును అడుగుకు ఆనించి, లోపల స్పాంజి బంతి వేసి, పైనున్న హాపర్ (గరాటు) నింపాక 150–200 మిల్లీమీటర్లు ఎత్తి వదలాలి. ప్యానెల్ అడుగున 2 మీటర్ల మందం లేవాలంటే 12 ఘనపు మీటర్లు కావాలి, కాబట్టి రెండు ట్రెమీల దగ్గర చెరొక బండి నిలబడి, వెనక ఇంకో రెండు ఉన్నాకే మొదటి హాపర్ వదలండి. ఆ తర్వాత పైపు కొన కాంక్రీటులో 3 మీటర్లకు తగ్గకుండా, 6 మీటర్లు దాటకుండా మునిగి ఉండాలి. తగ్గితే స్లర్రీ లోపలికి దూరుతుంది, ఎక్కువైతే పైపు ఇరుక్కుంటుంది.

ప్రతి బండి తర్వాత బరువు కట్టిన టేపుతో మూడు చోట్ల ఎత్తు కొలిచి, పోసిన పరిమాణానికి ఎదురుగా గ్రాఫు గీయాలి. సైటులో నిర్లక్ష్యానికి గురయ్యే కాగితాల్లో ఇది మొదటిది. బండి దిగినా ఎత్తు అనుకున్నంత పెరగలేదంటే పక్క మట్టిలో బొరియ ఉందని, లోపలికి తవ్వేటప్పుడు అక్కడ కాంక్రీటు కడుపు ఉబ్బి కనిపిస్తుందని అర్థం. అనుకున్నదానికంటే ఎక్కువ పెరిగితే ఇంకా ప్రమాదం: పక్క మట్టి కూలి కాంక్రీటులో కలిసింది. ఆ లోతును రాసి ఉంచుకోండి. చివర్లో డిజైన్ మట్టం కంటే అర మీటరుకు పైగా ఎక్కువ పోసి, బురద కలిసిన ఆ పై భాగాన్ని తర్వాత చిప్పింగ్ చేసి తీసేయాలి.

పై స్లాబు, తవ్వకం

మధ్య స్తంభాలకు ముందుగా బోర్డ్ పైళ్లు వేసి, వాటిలో ఉక్కు ప్లంజ్ కాలమ్‌లు దించి ఉంచుతారు. తర్వాత పై స్లాబు అడుగు దాకా తవ్వి, నేలను చదును చేసి, పీసీసీ (కడ్డీలు లేని కాంక్రీటు) వేసి, దానిమీద ప్లైవుడ్ పరిచి స్లాబు పోస్తారు. ప్లైవుడ్ మానేస్తే పీసీసీ స్లాబుకు అంటుకుని ఉండిపోయి, కింద మనుషులు పనిచేసేటప్పుడు పెచ్చులుగా ఊడిపడుతుంది. స్లాబులో మక్ (తవ్విన మట్టి) తీయడానికి, సామాను దించడానికి వదిలే ఖాళీలు భవిష్యత్తులో మెట్లు, ఎస్కలేటర్లు వచ్చే చోట్లలో కుదిరితే చాలా కలిసొస్తుంది.

కింద చీకట్లో తవ్వకం దశలవారీగా సాగుతుంది. స్లాబుకూ స్లాబుకూ మధ్య దూరం ఎక్కువైతే ఉక్కు స్ట్రట్లు (గోడకూ గోడకూ మధ్య అడ్డ ఊతాలు) పెట్టాలి. స్ట్రట్ మట్టానికి అర మీటరు కింది వరకే తవ్వి, స్ట్రట్ బిగించి, జాక్‌తో డిజైన్ చెప్పినంత ముందస్తు లోడు ఇచ్చాకే కిందికి దిగాలి. ఎక్స్‌కవేటర్ ఆపరేటర్‌కు తవ్వడం హాయిగా ఉంటుందని ఇంకో మీటరున్నర దింపితే గోడ లోపలికి వంగుతుంది. ఆ వంపును తర్వాత ఏ జాకూ వెనక్కి నెట్టలేదు.

స్ట్రట్ గొట్టం విరగడం కంటే అది వేలర్ (గోడ వెంబడి పెట్టే అడ్డ దూలం)ను తాకే చోటు నలగడం ఎక్కువ. 2004 ఏప్రిల్ 20న సింగపూర్‌లో నికోల్ హైవే పక్కన మెట్రో తవ్వకం కూలి నలుగురు చనిపోయిన ప్రమాదంలో స్ట్రట్–వేలర్ కలిసే చోట బలం చాలకపోవడం ప్రధాన కారణాల్లో ఒకటి. మెత్తటి బంకమట్టి గోడమీద మోపే బరువును డిజైన్‌లో తక్కువగా అంచనా వేయడం ఇంకోటి. కాబట్టి ప్రతి షిఫ్టులో ఒకరు టార్చిలైటుతో స్ట్రట్ కొసలు చూడాలి. ప్లేటు అంచు వంగిందా, వెల్డింగ్ దగ్గర రంగు పెచ్చులు లేచాయా, వేలర్‌కూ గోడకూ మధ్య పెట్టిన గ్రౌట్ పగిలిందా? రంగు లేచిపోవడం చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ ఉక్కు అక్కడ సాగిందని చెప్పే మొదటి గుర్తు అదే.

అడుగు లేవడం

పైకి ఎంత గట్టిగా ఊతాలు పెట్టినా అడుగు నుంచి నీళ్లు తోస్తే గుంత పోతుంది. తవ్వకం అడుగుకు కింద 5 మీటర్ల బంకమట్టి మిగిలిందనుకోండి, ఘనపు మీటరు 1.9 టన్నులు. దాని బరువు చదరపు మీటరుకు 9.5 టన్నులు. ఆ పొర కింద ఇసుకలోని నీటి ఒత్తిడి 12 మీటర్ల ఎత్తుకు సమానమైతే పైకి తోసేది 12 టన్నులు. ఈ గుంత అడుగు చిట్లుతుంది. కింది ఇసుకలోకి రిలీఫ్ బోర్లు వేసి ఒత్తిడిని 8 మీటర్ల లోపుకు దించితేనే 1.2 భద్రతా గుణకం దొరుకుతుంది. పీజోమీటర్ ఆ అంకె చూపించేదాకా చివరి దశ తవ్వకం మొదలుపెట్టకూడదు.

పంపుల బోర్లు పెట్టె లోపలే ఉండాలి. బయట నీటిమట్టం పడిపోతే పక్క భవనాల కింద మట్టి కుంగుతుంది. బోరు నీళ్లను గాజు గ్లాసులో పట్టి రోజూ చూడండి. అడుగున ఇసుక పేరుతుంటే ఆ బోరు నీళ్లతోపాటు నేలను కూడా తోడేస్తోంది. ఫిల్టరు సరిగా లేని ఆ బోరును మూసి వేరేది వేయాలి. జనరేటర్, స్పేర్ పంపులు సైటులోనే, రాత్రిపూట కూడా ఎవరో ఒకరు ఆన్ చేసే స్థితిలో ఉండాలి.

రీడింగుల విషయంలో ఒకటే చెప్పాలి. గోడ వంపు కొలిచే ఇంక్లినోమీటర్, స్ట్రట్ లోడ్ సెల్, బయటి పీజోమీటర్, భవనాల సెటిల్‌మెంట్, ఈ నాలుగూ ఒకే కాగితం మీద, ఆరోజు తవ్వకం లోతుతో పాటు ఉండాలి. జాయింటు కారుతోంది, బయటి పీజోమీటర్ పడుతోంది, పక్క భవనం కుంగుతోంది అని మూడు వేర్వేరు రిపోర్టుల్లో ఉంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. జాయింటులోంచి స్వచ్ఛమైన నీళ్లు కారితే పైపు పెట్టి దారి మళ్లించి, పాలీయురెథేన్ ఇంజెక్షన్ చేయవచ్చు. మట్టినీళ్లు వస్తే పని వెంటనే ఆపాలి. ఇసుక బస్తాలు, గ్రావెల్ అడ్డంగా పోసి ఇసుక రాకుండా పట్టాలి, తప్పదనుకుంటే గుంతలోకి నీళ్లు నింపి ఒత్తిడి సమం చేయాలి. గుంత మునగడం నష్టమే, పక్క వీధి దిగడం దానికంటే పెద్ద నష్టం.

అడుగు స్లాబు, పంపులు ఆపడం

అడుగు చదును కాగానే అదే రోజు పీసీసీ వేయండి. దానిమీద వాటర్‌ప్రూఫ్ షీటు, అతుకులు వెల్డ్ చేసి పరీక్షించి, ఆపైన కేజ్. కడ్డీలు కట్టేవాళ్ల కాళ్ల కింద షీటు చిరగకుండా రక్షణ పొర ఉండాలి. స్లాబు మందం 1–1.5 మీటర్లు ఉంటుంది కాబట్టి కాంక్రీటు లోపల వేడెక్కుతుంది. నడిమి ఉష్ణోగ్రత 70 డిగ్రీలు దాటకుండా, నడిమికీ పైభాగానికీ తేడా 20 డిగ్రీల లోపు ఉండేలా సిమెంటులో స్లాగో, ఫ్లై యాషో కలిపి, పైన దుప్పట్లు కప్పి ఉంచాలి. పోత జాయింట్లలో నీటికి ఉబ్బే పట్టీతోపాటు తర్వాత గ్రౌట్ ఎక్కించుకునే గొట్టం కూడా పెట్టండి.

స్లాబు పడగానే పంపులు ఆపేయాలన్న ఒత్తిడి వస్తుంది. లెక్క చూడండి. నీటిమట్టం నేలకు 2 మీటర్ల కింద, అడుగు స్లాబు కింది ముఖం 18 మీటర్ల లోతున, లోపలి వెడల్పు 20 మీటర్లు. పొడవులో ఒక్కో మీటరుకు నీళ్లు పైకి తోసేది 16 ఇంటూ 20, అంటే 320 టన్నులు. పై స్లాబు 1 మీటరు, కాన్‌కోర్స్ (టికెట్ల అంతస్తు) స్లాబు అర మీటరు, అడుగు స్లాబు 1.2 మీటర్లు కలిపి 135 టన్నులు. 30 మీటర్ల లోతు, 1 మీటరు మందం ఉన్న రెండు గోడలు 150 టన్నులు, వాటి అడుగున నీటి తోపుడు 56 తీసేస్తే 94. పైన 2 మీటర్ల మట్టి వేశాక 72. మొత్తం 301. మట్టి వేయకముందు 229 మాత్రమే. 320కి పది శాతం భద్రత కలిపి 352 చేరాలంటే మిగతా 51 టన్నులు గోడలు మట్టిని పట్టుకున్న ఘర్షణ నుంచి రావాలి. ఆ ఘర్షణ స్లాబుకు అందాలంటే దారి ఒక్కటే, గోడలోని కప్లర్లు. అవి తప్పుమట్టంలో పడి, సగం కడ్డీలను రసాయనంతో అతికించిన చోట ఈ లెక్కను డిజైనర్‌తో మళ్లీ చేయించకుండా పంపులు ఆపకూడదు.

ఆపేటప్పుడు ఒక్కో బోరునే ఆపండి. స్లాబు కింది పీజోమీటర్, స్లాబు మట్టం రెండూ ఒక రోజంతా చూసి, కదలిక లేదని తేలాకే రెండోది. స్లాబును దాటే ప్రతి బోరు పైపుకు మధ్యలో ఉక్కు పళ్లెం వెల్డ్ చేసి ఉండాలి, లేకపోతే పైపు వెంబడే నీళ్లు పైకి ఎక్కుతాయి. పంపు తీసి, బోరును గ్రావెల్‌తోనూ దానిపైన కాంక్రీటుతోనూ నింపి, రబ్బరు గాస్కెట్ వేసి ప్లేటు బోల్టులతో బిగించి, పై గుంతను కుంచించుకుపోని గ్రౌట్‌తో మూయాలి. అన్నిటికంటే చివరి బోరును మాత్రం పూర్తిగా మూయకుండా ప్లేటుకు వాల్వు, ప్రెజర్ గేజీ పెట్టి ఉంచండి. భూగర్భజలం బాగా పైకి లేచే కాలం ఒకటి గడిచి, గేజీ అంకె డిజైన్‌లో అనుకున్న ఒత్తిడిని దాటలేదని చూశాక దాన్ని కూడా గ్రౌట్ చేసి మూసేయవచ్చు.